ఐదు మిల్లీగ్రాముల లెక్క

కిడ్నీ మార్పిడి అయిన కొన్ని నెలలకు పరామర్శకు వచ్చిన చుట్టాలు ఆప్యాయంగా ఒక మాట అంటారు: "పర్లేదే, ఒళ్లు చేశావు!" విన్న మనిషి నవ్వి ఊరుకుంటాడు. బుగ్గలు ఉబ్బింది తిండి వల్ల కాదని, రోజూ పొద్దున టిఫిన్ తిన్నాక వేసుకునే ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర వల్లనని అతనికి తెలుసు. అద్దంలో ఆ మొహం చూడలేక, ఎవరికీ చెప్పకుండా మాత్ర మానేసేవాళ్లూ ఉన్నారు. ఆ బాధ న్యాయమైనదే. ఆ పని మాత్రం చాలా ప్రమాదకరం.

1954లో బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే బృందం చేసిన తొలి విజయవంతమైన కిడ్నీ మార్పిడి అచ్చు ఒకేలా ఉండే కవలల మధ్య జరిగింది. అందుకే శరీరం ఎదురు తిరగలేదు. కవల లేనివాళ్లకు దారి 1963లో దొరికింది. రోగనిరోధక శక్తిని అణిచే అజాథయోప్రిన్ వాడుతుండగా రిజెక్షన్, అంటే శరీరం కొత్త కిడ్నీని తిప్పికొట్టడం, మొదలైనా, ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్‌ను పెద్ద మోతాదులో ఇచ్చి కిడ్నీని కాపాడవచ్చని డెన్వర్‌లో థామస్ స్టార్జల్ చూపించారు. అలా కిడ్నీలు నిలిచాయి. దానికి మూల్యంగా కొందరికి షుగరు వచ్చింది, ఎముకలు గుల్లబారాయి, తుంటి కీలు దెబ్బతింది, కళ్లలో శుక్లాలు పెరిగాయి. పిల్లల్లో ఎదుగుదల మందగించింది.

తర్వాత సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్, మైకోఫెనొలేట్ వచ్చాయి. ఇంత బలమైన మందులుండగా స్టెరాయిడ్ ఇంకా ఎందుకన్న ప్రశ్న సహజంగానే పుట్టింది.

తొలి జవాబు కంగారు పెట్టింది. కెనడాలో సైక్లోస్పోరిన్ మీద కుదురుగా ఉన్న రోగుల్లో మూడు నెలలకు ప్రెడ్నిసోన్ ఆపి చూశారు. మొదట్లో తేడా కనిపించలేదు. ఐదేళ్లు తిరిగేసరికి, ఆపినవాళ్లలోనే ఎక్కువ కిడ్నీలు పోయాయి. 1992లో ఈ ఫలితం అచ్చయ్యాక చాలామంది డాక్టర్లు వెనక్కి తగ్గారు.

మలుపు తిప్పింది, ఆపే సమయాన్ని మార్చి చూడటం. ఆపరేషన్ సమయంలోనే రోగనిరోధక కణాలను అణిచే ఇండక్షన్ ఇంజెక్షన్లు ఇచ్చి, మొదటి వారంలోనే స్టెరాయిడ్ ఆపేస్తే? అమెరికాలో 386 మందితో చేసిన అధ్యయనం 2008లో వెలువడింది. రోజూ 5 మిల్లీగ్రాములు కొనసాగించినవాళ్లలో 10.8 శాతం మందికి బయాప్సీలో రిజెక్షన్ తేలితే, వారంలో ఆపినవాళ్లలో అది 17.8 శాతం. అందులో ఎక్కువ భాగం స్వల్ప స్థాయిదే. ఐదేళ్లకు కిడ్నీ నిలవడంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. 2016లో జర్మనీ నుంచి 615 మందితో వచ్చిన హార్మొనీ అధ్యయనంలో రిజెక్షన్ పెరగనేలేదు. మార్పిడి తర్వాత కొత్తగా షుగరు రావడం 39 శాతం నుంచి 24 శాతానికి తగ్గింది. షుగరు ఇంటింటి జబ్బయిన తెలుగు నేల మీద ఈ తగ్గుదల విలువ చాలా పెద్దది.

కిడ్నీ జబ్బుల అంతర్జాతీయ నిపుణుల సంస్థ కేడిగో 2009 నాటి మార్గదర్శకాలు చెప్పిందీ ఇదే. రిజెక్షన్ ముప్పు తక్కువై, ఇండక్షన్ అందినవాళ్లకు మొదటి వారంలో ఆపవచ్చు. వారం దాటాక కూడా వాడుతున్నవాళ్లకు పూర్తిగా మాన్పించడం కంటే కొనసాగించడమే మంచిది. చాలామందికి మిగిలేది మోతాదు తగ్గించుకునే దారి.

అసలు పనితనం ఓపీ గదిలో కనిపిస్తుంది. 20 మిల్లీగ్రాముల నుంచి 15, 10, ఏడున్నర, చివరికి 5. ప్రతి మెట్టు దిగే ముందు డాక్టర్ క్రియాటినిన్ చూస్తారు, రక్తంలో టాక్రోలిమస్ స్థాయి చూస్తారు, మూత్రంలో ప్రొటీన్ పోతోందేమో పరీక్షిస్తారు. ఇది రెండో మార్పిడా, రక్తంలో దాత కణాలకు వ్యతిరేకంగా యాంటీబాడీలు ఉన్నాయా, పాత కిడ్నీని చెడగొట్టింది లూపస్ లాంటి జబ్బా అని ఫైలు తిరగేస్తారు. వీటిలో ఏది ఉన్నా చెయ్యి వెనక్కి తీసుకుంటారు. పక్క మంచం ఆయనకు ఆపేశారు, నాకెందుకు ఆపరు అని అడిగే రోగికి ఈ తేడాలు కూర్చోబెట్టి చెప్పాల్సిందే. రెండు నిమిషాల్లో చీటీ రాసి పంపేస్తే, అతను ఇంటికెళ్లి తనకు తోచినట్టు తగ్గించుకుంటాడు.

అలా తగ్గించుకుంటే రిజెక్షన్ ఒక్కటే ముప్పు కాదు. నెలల తరబడి బయటి నుంచి స్టెరాయిడ్ అందిన ఒంట్లో అడ్రినల్ గ్రంథులు తమ వంతు స్టెరాయిడ్ తయారీ తగ్గించుకుంటాయి. మాత్ర ఉన్నట్టుండి ఆగితే నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం. జ్వరమో ఆపరేషనో వచ్చినప్పుడు ఈ లోటు ప్రాణం మీదకు తెస్తుంది. అందుకే పంటి డాక్టర్ దగ్గరికి వెళ్లినా, తాను ఇన్నేళ్లుగా ఇంత స్టెరాయిడ్ వాడుతున్నానని మొదటే చెప్పాలి.