గెలవడానికి ఆడటమే తొలి మర్యాద

ఒలింపిక్స్ వంటి అంతర్జాతీయ పోటీల సందర్భంలో క్రీడాస్ఫూర్తి అన్న మాట వినగానే అభిమానులకు సాధారణంగా గుర్తుకు వచ్చేవి ఆట ముగిసిన తరువాతి దృశ్యాలు, అంటే ప్రత్యర్థులు చేతులు కలపడం, గెలిచినవారు ఓడినవారిని ఓదార్చడం, ఓడినవారు గెలిచినవారిని మనసారా అభినందించడం. ఇవన్నీ గౌరవించదగినవే అయినా క్రీడాస్ఫూర్తికి మూలం వీటికంటే ముందే, ఆట సాగుతున్న సమయంలోనే ఉంది. ఎదుటివారితో చివరి పాయింటు దాకా పూర్తి శక్తితో తలపడటమే ఆటగాళ్లు తమ ప్రత్యర్థికీ, ప్రేక్షకులకూ, ఆటకూ చెల్లించవలసిన తొలి మర్యాద. ఈ మర్యాద ఉన్నప్పుడు ఆట ఎంత ఎత్తుకు ఎదుగుతుందో, అది లోపించినప్పుడు ఎంతగా దిగజారుతుందో తెలుసుకోవడానికి తెలుగువారికి ఎంతో దగ్గరైన బ్యాడ్మింటన్‌లోనే బలమైన ఉదాహరణలు ఉన్నాయి.

2012 లండన్ ఒలింపిక్స్‌లో, అంతకుముందున్న నేరు నాకౌట్ పద్ధతిని, అంటే ఒక్కసారి ఓడితే ఇంటిదారి పట్టవలసిన పద్ధతిని పక్కనపెట్టి గ్రూప్ దశను ప్రవేశపెట్టారు. డబుల్స్‌లో ఒక్కో గ్రూపులో ఉన్న నాలుగు జంటలు ఒకదానితో ఒకటి ఆడితే వాటిలో మొదటి రెండు క్వార్టర్ ఫైనల్‌కు చేరతాయి. ప్రతి జంటకూ ఎక్కువ మ్యాచ్‌లు ఆడే అవకాశం దొరకడం ఇందులోని మేలు కాగా, ఏ గ్రూపులో ఏ స్థానం పొందినవారు ఎవరితో ఆడాలో ముందే నిర్ణయమై ఉండటం వల్ల ఓటమి కూడా లాభసాటి అయ్యే అవకాశం ఏర్పడింది. జూలై 31న చైనాకు చెందిన టియాన్ కింగ్, జావో యున్‌లీ జంట డెన్మార్క్ జంట చేతిలో ఓడి తమ గ్రూపులో రెండో స్థానానికి పడిపోవడంతో, అదే దేశానికి చెందిన టాప్ సీడ్ జంట వాంగ్ జియావోలి, యు యాంగ్ తమ గ్రూపులో మొదటి స్థానంలో నిలిస్తే ఫైనల్‌కు ముందే స్వదేశపు జంటను ఎదుర్కోవలసి వచ్చే పరిస్థితి తలెత్తింది.

ఆ సాయంత్రం వెంబ్లీ అరీనాలో వాంగ్, యు జంటకూ దక్షిణ కొరియా జంటకూ జరిగిన మ్యాచ్‌లో ఇరువైపులా సర్వీసులను కావాలనే నెట్‌కు కొట్టారు, షటిల్‌ను గీత అవతల పడేశారు. తొలి గేమ్‌లో అన్నింటికంటే పొడవైన ర్యాలీ కూడా నాలుగు షాట్లకు మించలేదు. రిఫరీ హెచ్చరించినా, ప్రేక్షకులు బిగ్గరగా నిరసన తెలిపినా పరిస్థితి మారలేదు, పైగా ఆ తరువాత మరో కొరియా జంటకూ ఇండోనేసియా జంటకూ జరిగిన మ్యాచ్‌లోనూ ఇదే తంతు పునరావృతమైంది. మరునాడు ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య, గెలవడానికి శాయశక్తులా ప్రయత్నించకపోవడం, ఆటకు హాని కలిగించేలా ప్రవర్తించడం అన్న రెండు అభియోగాలపై నాలుగు జంటలకు చెందిన ఎనిమిది మంది క్రీడాకారిణులనూ అనర్హులుగా ప్రకటించింది.

పతకం కోసం వేసే ఎత్తుగడలో ఇదీ ఒక భాగమేననీ, పరుగు పందేల తొలి దశలో వేగం తగ్గించుకునే అథ్లెట్లను ఎవరూ తప్పుపట్టరు కదా అనీ వాదించినవారు ఉన్నారు. ఈ పోలిక నిలవదు. తరువాతి దశలో తన స్థానం ఖాయమయ్యాక శక్తిని దాచుకునే పరుగువీరుడు ఓటమిని కోరుకోడు, పక్కవాడి పరుగును అబద్ధంగా మార్చడు. ఓడటానికి ఆడేవారు మాత్రం ఎదుటివారి గెలుపులోని విలువనే కాజేస్తారు. గ్రూప్ దశలో ఒక్కో పాయింటు ఎంత విలువైనదో తెలుగువారికి వేరే చెప్పనక్కర్లేదు. హైదరాబాద్‌లో పెరిగి ఆట నేర్చుకున్న గుత్తా జ్వాల, ఆమె జోడీ అశ్విని పొన్నప్ప అదే పోటీల్లో మూడింట రెండు మ్యాచ్‌లు గెలిచి కూడా, ఒక్క పాయింటు తేడాతో క్వార్టర్ ఫైనల్‌కు దూరమయ్యారు.

అయితే నేరమంతా ఆటగాళ్లదేనని తీర్మానించడం కూడా న్యాయం కాదు. ఓటమికి ప్రతిఫలం దక్కేలా నియమాలను రచించి, ఆపై ఆటగాళ్ల నుంచి నిగ్రహాన్ని మాత్రమే ఆశించడం నిర్వాహకుల బాధ్యతారాహిత్యమే అవుతుంది. ఈ సంగతి గ్రహించిన సమాఖ్య, గ్రూప్ దశ ముగిశాక రెండో స్థానంలో నిలిచిన జంటలకు కొత్తగా డ్రా తీసే పద్ధతిని తెచ్చి, తరువాతి ప్రత్యర్థి ఎవరో ముందుగా లెక్కగట్టే వీలును తగ్గించింది. క్రీడాకారుల మనసులోని నీతి, పోటీని నడిపే నియమం ఒకదానికొకటి అండగా నిలిచినప్పుడే క్రీడాస్ఫూర్తి నిలకడగా ఉంటుంది.

2016 రియో ఒలింపిక్స్ మహిళల సింగిల్స్ ఫైనల్‌ను, పూర్తి శక్తితో తలపడటమే తొలి మర్యాద అన్న దృష్టితోనే చూడాలి. తొలి గేమ్‌ను 21-19తో గెలిచిన పి.వి. సింధు తరువాతి రెండింటినీ 12-21, 15-21తో కోల్పోయింది. గెలుపు ఖాయం కాగానే కోర్టుపై కుప్పకూలి ఏడ్చిన కరోలినా మారిన్ దగ్గరకు సింధు నడిచి వెళ్లి హత్తుకుంది, నేలపై పడి ఉన్న ఆమె రాకెట్‌ను తీసి పక్కన పెట్టింది. ఆ ఆత్మీయతకు అంతటి విలువ కలగడానికి కారణం అంతకుముందు మూడు గేమ్‌ల పాటు ఇద్దరూ ఒకరికొకరు ఏ పాయింటునూ ఉదారంగా వదలకపోవడమే. 2024 పారిస్ సెమీఫైనల్‌లో తొలి గేమ్ గెలిచి రెండో గేమ్‌లోనూ ముందంజలో ఉన్న మారిన్ మోకాలి గాయంతో వైదొలగవలసి వచ్చినప్పుడు ఫైనల్ చేరిన చైనా క్రీడాకారిణి హె బింగ్జియావో, రజత పతకం అందుకుంటూ మారిన్ స్వదేశమైన స్పెయిన్ చిహ్నమున్న చిన్న పిన్నును చేతిలో పట్టుకుని నిలబడింది. పూర్తికాని పోటీ తనకు పూర్తి గెలుపు కాదని ఆమె లోకానికి తెలియజేసింది.

అదే హె బింగ్జియావో అంతకు కొద్ది రోజుల ముందు ప్రిక్వార్టర్స్‌లో సింధును ఓడించింది. సింధు ఓటమికి బాధపడిన తెలుగు అభిమాని ఆ పిన్ను పట్టుకున్న చేతికి కూడా మనసారా చప్పట్లు కొట్టగలగాలి, ఎందుకంటే అభిమానం అనేది పతకాల పట్టికకు మాత్రమే పరిమితమైనప్పుడు ఆటను చూసే కన్నే మసకబారుతుంది. లండన్‌లో అనర్హతకు గురైన ఎనిమిది మందిలో ఒకరైన ఇండోనేసియా క్రీడాకారిణి గ్రేసియా పోలీ, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో అప్రియానీ రహాయుతో కలిసి స్వర్ణం గెలిచినప్పుడు, ఆ శిక్షను మళ్లీ తవ్వితీయకుండా ఆ విజయాన్ని గౌరవించడం కూడా అభిమాని ధర్మమే. వెంబ్లీలో టికెట్టు కొని కూర్చుని, ఆడనివారిని ఆడమని నిలదీసిన ప్రేక్షకులు ఆ సాయంత్రం క్రీడాస్ఫూర్తిని కాపాడినవారిలో మొదటివారు. సొంత దేశపు క్రీడాకారులు లెక్కలు వేసుకుని ఓడబోయినా అదే గొంతుతో వద్దని చెప్పగలిగినప్పుడే ఇక్కడి అభిమానికి వారి సరసన నిలిచే అర్హత దక్కుతుంది.