పౌరసత్వ పత్రం: పేరు వెనుక ఉన్న శాసనం

చరిత్రకు ఆధారంగా నిలిచే ప్రభుత్వ పత్రానికి ఇద్దరు కర్తలుంటారు. తన వివరాలు నమోదు చేయించుకున్న వ్యక్తి ఒకరు. ఆ వివరాలను అడిగిన శాసనం మరొకటి. ఏ ప్రశ్న అడగాలో శాసనం నిర్ణయించిన తరువాతే వ్యక్తికి జవాబు చెప్పే అవకాశం లభిస్తుంది. అమెరికా సంయుక్త రాష్ట్రాలకు వలస వెళ్లిన పూర్వీకుల పౌరసత్వ స్వీకార పత్రాలను నేడు వారి సంతతివారు ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో వెతుక్కోగలుగుతున్నారు. జాబితాలో తాతగారి పేరు కనిపించగానే అన్వేషణ ముగిసిందన్న తృప్తి కలగడం సహజం. అయితే శాసనాన్ని కూడా చదవనిదే ఆ పత్రం అర్థం కాదు. భారతీయ వలసదారుల విషయంలో ఈ మాట మరింత నిజం.

ముందుగా పత్రాల స్వరూపాన్ని పరిశీలిద్దాం. 1906కు పూర్వం అమెరికాలో పౌరసత్వ ప్రదానం ఏ ఒక్క కార్యాలయానికీ పరిమితం కాలేదు. స్థానిక న్యాయస్థానం మొదలు ఫెడరల్ న్యాయస్థానం వరకు రికార్డులు నిర్వహించే ఏ కోర్టుకైనా ఆ అధికారం ఉండేది. ఫారాలు ఒక్కో చోట ఒక్కో తీరుగా ఉండేవి. పేరు, విడిచివచ్చిన దేశం, తేదీ తప్ప మరే వివరమూ లేని పత్రాలు అనేకం. 1906 సెప్టెంబరు 27న అమలులోకి వచ్చిన చట్టం దేశమంతటికీ ఒకే ఫారాన్ని నిర్దేశించి, ప్రతి పత్రానికీ ఒక ప్రతి వాషింగ్టన్‌కు పంపాలని శాసించింది. అప్పటి నుంచి పౌరుడు కాగోరే ఉద్దేశాన్ని తెలిపే ప్రకటన, ఆ తరువాత అర్జీ, చివరకు ధ్రువపత్రం అనే క్రమం ఒకే రూపం పొందింది. ఎక్కి వచ్చిన ఓడ, దిగిన రేవు, ఎత్తు, బరువు, కళ్ల రంగు, శరీరం మీది గుర్తులు కూడా నమోదయ్యాయి. 1929 నుంచి ధ్రువపత్రానికి ఛాయాచిత్రం తోడైంది. తాతగారి ముఖాన్ని ఎన్నడూ చూడని మనుమరాలికి ఆ చిత్రం ఎంతటి నిధియో వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ పత్రాలలో గణనీయమైన భాగం నేడు అమెరికా నేషనల్ ఆర్కైవ్స్ వెబ్‌సైట్‌లోను, ఉచితంగా సేవలందించే ఫ్యామిలీసెర్చ్‌లోను, చందా చెల్లించి చూడవలసిన యాన్సెస్ట్రీలోను లభిస్తున్నాయి. అన్వేషణకు జనాభా లెక్కలు మంచి ప్రారంభం. 1900 నుంచి 1930 వరకు ఆ లెక్కలలో వలసదారు పౌరసత్వం పొందాడా, ప్రకటన మాత్రమే దాఖలు చేశాడా, విదేశీయుడుగానే ఉన్నాడా అన్నది పొడి అక్షరాలలో సూచించారు. 1920 లెక్కలు పౌరసత్వం పొందిన సంవత్సరాన్ని కూడా అడిగాయి.

సూచికలకు మాత్రం ఒక పరిమితి ఉంది. పాత సూచికలు కొన్ని సౌండెక్స్ అనే పద్ధతిని అనుసరించాయి. ఇంటిపేరులోని మొదటి అక్షరాన్ని నిలిపి, మిగిలిన హల్లుల ధ్వనిని మూడు అంకెలలో సూచించడం దాని విధానం. సింగ్ అనే పేరుకు వచ్చే సంకేతం ఎస్-520. పంజాబు నుంచి వెళ్లిన సిక్కులలో అత్యధికులు ఆ ఒక్క సంకేతం కిందికే చేరిపోతారు. ఇంటిపేరును ముందుగా చెప్పే తెలుగువారిది మరొక చిక్కు. చివరి పేరునే వంశనామంగా భావించే ఫారంలో అదే వ్యక్తి ఒకచోట ఇంటిపేరుతోను, మరొకచోట సొంత పేరుతోను నమోదయ్యే అవకాశం ఉంది. అన్ని రూపాలలోను వెతకడం తప్ప దీనికి దగ్గరిదారి లేదు.

ఇవి సాంకేతికమైన చిక్కులు, ఓపికతో దాటవచ్చు. శాసనం కల్పించిన చిక్కు వీటికంటే లోతైనది. 1790 నాటి చట్టం ‘స్వేచ్ఛగల శ్వేతజాతి వ్యక్తుల’కు మాత్రమే పౌరసత్వార్హత కల్పించింది. 1870లో ఆఫ్రికా సంతతివారికి ఆ అర్హతను విస్తరించారు. భారతీయులు ఏ కోవకు చెందుతారన్న ప్రశ్నకు వేర్వేరు కోర్టులు వేర్వేరు సమాధానాలిచ్చాయి. భగత్ సింగ్ తింద్ ఉదంతం ఇందుకు ప్రబల నిదర్శనం. అమెరికా సైన్యంలో పనిచేసిన ఆయనకు 1918 డిసెంబరులో వాషింగ్టన్ రాష్ట్రంలో పౌరసత్వం లభించి నాలుగు రోజులకే రద్దయింది. 1920లో ఒరెగాన్‌లో తిరిగి లభించింది. 1923 ఫిబ్రవరి 19న సుప్రీంకోర్టు, సామాన్యుడి అవగాహనలో భారతీయుడు శ్వేతజాతీయుడు కాడని తీర్పు చెప్పింది. మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసిన సైనికులకు అర్హత కల్పించిన 1935 నాటి చట్టం ఆధారంగా 1936లో న్యూయార్క్‌లో ఆయన మళ్లీ పౌరుడయ్యారు. ఒకే మనిషికి మూడు రాష్ట్రాలలో మూడు ప్రదానాలు! వీటిలో ఒక్కదానితో తృప్తిపడిన అన్వేషకుడికి ఆ జీవితంలో ఎంత భాగం తెలిసినట్లు?

వైష్ణో దాస్ బగాయ్ కథ మరింత విషాదకరం. 1915లో భార్యాబిడ్డలతో శాన్‌ఫ్రాన్సిస్కో చేరిన బగాయ్ 1921లో పౌరసత్వం పొందారు. అర్జీదారు తాను ఏ రాజుకు ప్రజగా ఉన్నాడో ఆ రాజు పేరుతో సహా విధేయతను త్యజించాలని ఫారం కోరేది. భారతదేశంలో సహాయ నిరాకరణోద్యమం సాగుతున్న సంవత్సరంలోనే ఒక భారతీయుడు అమెరికా న్యాయస్థానంలో బ్రిటిష్ చక్రవర్తిని త్యజించడం గమనార్హం. తింద్ తీర్పు దరిమిలా ఆ పౌరసత్వాన్ని రద్దు చేశారు. స్వదేశం చూసి రావడానికి అమెరికా పాస్‌పోర్టు ఇవ్వలేదు. బ్రిటిష్ పాస్‌పోర్టు తీసుకోవడానికి ఆయన సమ్మతించలేదు. 1928లో ఆత్మహత్య చేసుకున్నారు. 1921 నాటి పత్రాన్ని మాత్రమే చూసినవారికి ఆయన ఆశలు ఫలించిన వలసదారుగా కనిపిస్తారు. 2008లో ఏర్పడిన సౌత్ ఏషియన్ అమెరికన్ డిజిటల్ ఆర్కైవ్ ఆ కుటుంబపు పత్రాలను ఆన్‌లైన్‌లో అందుబాటులో ఉంచినందువల్ల తక్కిన కథ నేడు అందరికీ తెలుస్తున్నది.

స్త్రీల విషయంలో పత్రాల మౌనం మరొక విధమైనది. 1855 నుంచి 1922 వరకు భర్త పౌరసత్వమే భార్యకు సంక్రమించేది. కనుక ఆ కాలంలో వివాహితకు విడిగా పత్రం ఉండటం అరుదు. పైగా 1907 చట్టం ప్రకారం విదేశీయుణ్ణి వివాహమాడిన అమెరికన్ స్త్రీ తన పౌరసత్వాన్నే కోల్పోయేది. 1922 చట్టం ఈ స్థితిని సడలించినా, పౌరసత్వార్హత లేని పురుషుణ్ణి పెళ్లాడినవారికి 1931 వరకు ఆ రక్షణ దక్కలేదు. తింద్ తీర్పుతో భారతీయుల భార్యలు ఆ జాబితాలో చేరారు. నాయనమ్మ పేరు సూచికలో లేకపోవడానికి కారణం ఆమె జీవితంలో కాదు, శాసనంలో ఉంది.

జాబితాలో పేరు లేనంత మాత్రాన ఆ వ్యక్తి ఆ దేశ చరిత్రలో లేనట్లు కాదు. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1920ల ఆరంభంలో అమెరికా చేరి, హార్వర్డ్‌లోను, లెడర్లీ ప్రయోగశాలలోను వైద్యశాస్త్రానికి అపూర్వమైన సేవ చేశారు. భారతీయులకు పౌరసత్వార్హత కల్పించిన చట్టం 1946 జూలై 2న వచ్చింది. ఏడాదికి నూరుగురు భారతీయుల వలసను మాత్రమే అది అనుమతించింది. సుబ్బారావుగారు అమెరికా పౌరసత్వం స్వీకరించకుండానే 1948లో కన్నుమూశారు. పౌరసత్వ ధ్రువపత్రాల సూచికనే ప్రమాణంగా తీసుకుంటే పాతికేళ్ల ఆ మహనీయుని జీవితానికి అక్కడ చోటే లేదు.

దాఖలాల వ్యవస్థను నిందించడం ఈ పరిశీలన ధ్యేయం కాదు. ఆ దాఖలాలు భద్రమై ఉన్నందువల్లనే వాటిలోని అన్యాయాన్ని సైతం నేడు చదవగలుగుతున్నాం. 1965 చట్టం తరువాత పెద్దసంఖ్యలో వలస వెళ్లిన తెలుగు కుటుంబాల వారసులు కూడా రేపు ఇలాగే వెతకబోతారు. పత్రంలో వారికి తేదీ దొరుకుతుంది, సంతకం దొరుకుతుంది. ఇంటిపేరు ఏది, ఊరు ఏది, ఊరు విడిచినప్పుడు వెనుక మిగిలినవారెవరు అన్న విషయాలను ఏ ఫారమూ పూర్తిగా అడగదు. వాటిని చెప్పగలిగిన పెద్దలు జీవించి ఉన్నప్పుడే అడిగి రాసిపెట్టుకోవడం కుటుంబాల బాధ్యత. దొరికిన ప్రతి పత్రం పక్కనా ఆనాటి చట్టాన్ని కూడా ఉంచి చదవడం చరిత్రాభిమానుల బాధ్యత.