శంకువునకు మూడవ వంతు ఏల?

వికారాబాదు జిల్లాలో తాండూరు కందులకు పెట్టినది పేరు. 2022లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. కళ్లములో కుప్పగా పోసిన కందులు తమంతట తామే శంకువు ఆకారమును పొందును. కొలవకయే ఆ రాశి ఎంతో చెప్పవలెనన్నచో శంకువు ఘనపరిమాణము తెలియవలెను. భూవైశాల్యమును ఎత్తుచే గుణించి మూడవ వంతు తీసికొనవలెనని విద్యార్థులెల్లరు ఎరుగుదురు. మూడవ వంతే ఏల? తరగతిలో దీనికి సాధారణముగా లభించు సమాధానము పరిశీలింపదగినది.

ఒకే భూమి, ఒకే ఎత్తు గల అట్ట శంకువును, స్థూపమును చేసి, శంకువుతో మూడు మార్లు ఇసుక పోసిన స్థూపము నిండును. సగమని పొరబడువారిని సరిదిద్దుటకు ఇది చాలును. ఆ పొరపాటు పిల్లలది మాత్రమే కాదు. త్రిభుజ వైశాల్యము భూమి, ఎత్తుల లబ్ధములో సగము గదా. 499లో ఆర్యభటుడు పిరమిడు ఘనమునకు కూడ సగమునే చెప్పెను. 628లో బ్రహ్మగుప్తుడు మూడవ వంతని సరియైన సూత్రమిచ్చెను. అయితే ఇసుక చిందును, అట్ట వంగును. మూడవ వంతునకును, దానికి అతి సమీపమున నున్న మరియొక భిన్నమునకును గల భేదమును ఇసుక తేల్చలేదు. ‘ఎంత’ అని చెప్పునే గాని ‘ఏల’ అని చెప్పదు.

ఆ సమాధానము పిరమిడులో నున్నది. ఒక సమఘనమున ఒక మూలను శిఖరముగా ఎంచుకొనుడు. ఆ మూలను తాకని ముఖములు మూడు. ఒక్కొక్క ముఖమును భూమిగా గైకొని శిఖరముతో కలిపిన, సర్వసమానములగు మూడు పిరమిడులు ఏర్పడి సమఘనమును పూర్తిగా నింపును. కనుక ఒక్కొక్కటి మూడవ వంతు. ఎత్తును పెంచినను, తగ్గించినను ఈ నిష్పత్తి మారదు.

ఇక శంకువు ప్రక్కన అంతే ఎత్తు, అంతే భూవైశాల్యము గల పిరమిడును నిలుపుడు. శిఖరమునుండి సగము దూరమున అడ్డముగా కోసిన, రెండింటి కోతలును భూమిలో నాల్గవ వంతే. మూడవ వంతు దూరమున తొమ్మిదవ వంతు. ఏ మట్టమున కోసినను కోతలు సమానము. కావున ఘనములును సమానము. 1635లో కవలియేరి ప్రకటించిన సూత్రమిదియే.

ఈ వాదమును సయితము ప్రశ్నింపవచ్చును. మందము లేని పొరలను కూడిన ఘనమెట్లు వచ్చును? పలుచని పలకలుగా తీసికొని, తేడాను కోరినంత తక్కువ చేసి చూపుటయే దీనికి మార్గము. ఈ ఫలితమును డెమాక్రిటసు ముందు చెప్పగా యుడోక్ససు నిరూపించెనని ఆర్కిమిడీసు వ్రాసెను. ఇంతటి సూక్ష్మ తర్కము అవసరమా? అవసరమే. సమాన భూమి, సమాన ఎత్తు గల ఏ రెండు పిరమిడులనైనను ముక్కలుగా కోసి ఒకదానిని మరొకదానిగా కూర్చవచ్చునా అని 1900లో హిల్బర్టు అడుగగా, అన్ని సందర్భములలో అది సాధ్యము కాదని డేన్ నిరూపించెను.

కళ్లపు లెక్కకు కూడ ఇట్టి పరీక్ష కావలెను. 1150 నాటి లీలావతిలో భాస్కరాచార్యుడు ధాన్యరాశి చుట్టుకొలతలో ఆరవ వంతును వర్గము చేసి ఎత్తుచే గుణింపుమనెను. చుట్టుకొలత 60 మూరలు, ఎత్తు 6 మూరలైన 600 ఘనమూరలు వచ్చును. సరియైన విలువ సుమారు 573. తప్పు మూడవ వంతులో లేదు. పరిధి వ్యాసమునకు సరిగా మూడు రెట్లని గ్రహించుటలో నున్నది. ఆ లెక్కన నూరు బస్తాలనుకొన్న కుప్పలో ఉండునవి తొంబదియైదున్నరయే. నష్టపడువాడు కొనుగోలుదారు.

ఇసుక ప్రయోగమును మానవలసిన పనిలేదు. దాని వెంటనే పిరమిడును చూపనిచో, విద్యార్థికి సూత్రము కంఠస్థమగును గాని గణితము అబ్బదు.