పదమూడేళ్ల పిల్ల చూపు

బొమ్మల కథకు స్క్రిప్టు రాసేటప్పుడు కాలం మారే చోట నా చెయ్యి ఆగిపోతుంది. ‘ఇరవై ఏళ్ల తర్వాత’ అని గడి మూలన రాసేస్తే పని అయిపోయినట్టే. చదివేవాళ్లకు మాత్రం ఆ ఇరవై ఏళ్లు గడిచినట్టు ఉండదు.

అలాంటప్పుడు నేను తీసి చూసేది 1981 జనవరి, ఫిబ్రవరి తేదీలతో వచ్చిన ‘అన్‌కానీ ఎక్స్-మెన్’ కామిక్ 141, 142 సంచికలు. క్రిస్ క్లేర్‌మాంట్, జాన్ బర్న్ కలిసి అల్లిన కథ, బొమ్మలు బర్న్‌వి. కథ 2013లో మొదలవుతుంది. పాడుబడ్డ న్యూయార్క్ వీధిలో నలభై దాటిన కేట్ ప్రైడ్ నడుస్తుంటుంది. దేశం సెంటినెల్స్ అనే రాకాసి యంత్రాల గుప్పిట్లో ఉంది. స్నేహితుల్లో చాలామంది సమాధుల్లో ఉన్నారు.

కాలయాత్ర అనగానే మనకు ‘ఆదిత్య 369’లోని యంత్రం మెదులుతుంది. ఇక్కడ యంత్రమేమీ లేదు. ఇది పరకాయ ప్రవేశం, అదీ తన చిన్ననాటి ఒంట్లోకే. సహచరి రేచెల్ తన మనోశక్తితో కేట్ మనసును 1980 అక్టోబరు 31కి, పదమూడేళ్ల కిట్టీలోకి, అంటే చిన్ననాటి కేట్‌లోకి, పంపుతుంది. సెనేటర్ కెల్లీ హత్యను ఆపితే సెంటినెల్స్ రాజ్యం రాకుండా పోతుందని ఆశ.

నన్ను కట్టిపడేసేది ఆ పిల్ల కళ్లు తెరిచే ఘట్టం. నీలి ఒళ్లు, తోక ఉన్న సహచరుడు నైట్‌క్రాలర్ దగ్గరికొస్తే కిట్టీకి బెదురు. ఇప్పుడు అదే పిల్ల అతణ్ని ఆప్యాయంగా చూస్తుంది, ఎందుకంటే అతను చనిపోయిన కాలం నుంచి వచ్చింది. ముప్పై మూడేళ్ల దూరాన్ని ఆ ఒక్క చూపు మోసేసింది! చివర్లో హత్యాయత్నాన్ని ఆపేదీ కిట్టీయే. ఏ అడ్డులోంచైనా దూసుకుపోగల తన విద్యతో హంతకురాలి ఒంట్లోంచి దాటుతుంది, గురి తప్పుతుంది.

2014లో ఈ కథను సినిమాగా తీసినప్పుడు గతంలోకి కేట్‌కు బదులు ఆమె సహచరుడు వుల్వరిన్‌ను పంపారు. నాకది ఇప్పటికీ బాధే. ఎన్నేళ్లు గడిచినా వయసు మీదపడని మనిషి మొహంలో గడిచిన కాలాన్ని ఎక్కడ చూపిస్తారు? చిన్నపిల్ల మొహంలో పెద్దామె దుఃఖం కనిపిస్తేనే కదా మన గుండె కలుక్కుమనేది.

నిన్న నా స్క్రిప్టులో ‘ఇరవై ఏళ్ల తర్వాత’ కొట్టేశాను. ఆ గడికి చిత్రకారుడి కోసం ఇలా రాశాను: తాతయ్య మడతమంచం మీద పేపరు చదువుతుంటాడు. పాప గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది, లోపలికి అడుగు పెట్టలేక.