విశ్వకిరణ వ్యాసాల్లో కొలత ప్రస్తావన: ఒక విమర్శ

విశ్వకిరణాలపై తెలుగులో వచ్చే జనరంజక విజ్ఞాన వ్యాసం సాధారణంగా 1912 ఆగస్టు 7తో మొదలవుతుంది. విక్టర్ హెస్ బెలూన్‌లో సుమారు 5,300 మీటర్ల ఎత్తుకు చేరాడు, వికిరణం పెరగడం గమనించాడు, 1936లో నోబెల్ అందుకున్నాడు. ఇందులో సాహసం మిగులుతుంది, పరికరం మాయమవుతుంది. హెస్ తీసుకువెళ్లినవి మూడు విద్యుద్దర్శినులు. పైన తగ్గే వాయుపీడనం రీడింగును మార్చకుండా వాటిలో రెండింటిని గాలి చొరబడని విధంగా చేయించాడు. ఆ జాగ్రత్త లేకపోతే ఆ ఫలితానికి విలువ లేదు.

నేటి ప్రయోగాల విషయంలో ఈ లోటు మరింత హానికరం. 2004 డిసెంబరులో అంటార్కిటికా నుంచి లేచి 42 రోజులు ఎగిరిన ‘క్రీమ్’ పరికరం విశ్వకిరణాల ‘శక్తిని కొలిచింది’ అనడం పడికట్టు వాక్యమే. (పడికట్టుకు తూకపు రాయి అనే అర్థమూ ఉంది.) ఆ త్రాసుకు రాయి సెర్న్‌లో దొరికింది. శక్తి ముందే తెలిసిన ఎలక్ట్రాన్ పుంజాన్ని కెలోరిమీటరులోకి పంపి, ఏ పొరలో ఎంత సంకేతం వస్తుందో నమోదు చేశారు. అయితే ఆ పుంజానిది వందల గిగా ఎలక్ట్రాన్ వోల్టుల స్థాయి. ఆకాశంలో ఎదురయ్యే కొన్ని కణాల శక్తి దానికి వేయి రెట్లు. పైగా బెలూన్ మోయగల బరువుకు లోబడి కెలోరిమీటరును పలుచగా నిర్మించక తప్పదు. ప్రోటాన్ పుట్టించే కణవర్షంలో కొంత భాగమే అందులో ఆగుతుంది. మిగతాది కంప్యూటర్ అనుకరణలతో అంచనా కట్టాలి. కనుక ‘కొలిచింది’ అనే క్రియ ఇక్కడ అర్ధసత్యం.

‘క్రమాంకనం’ అనే మాట పరిభాషలో ఉంది గాని వ్యాసంలోకి రాలేదు. టాటా మౌలిక పరిశోధన సంస్థ బెలూన్ కేంద్రం హైదరాబాదులోనే దశాబ్దాలుగా ఉన్నందున ఇది తెలుగు రచయితలకు దూరపు విషయమూ కాదు. సామాన్య పాఠకుడికి కష్టమన్న సమాధానం నిలవదు. ధాన్యం కొలిచే కుంచం సరైనదేనా అని అడగడం అతనికి కొత్త కాదు.