ఏ బడి మంచిది? ఎవరికి మంచిది?

జూన్ వస్తే ఆదోనిలో, ఎమ్మిగనూరులో గోడల నిండా ర్యాంకులే. ఆ అంకెలు చూసి బడి ఎంచుకోమంటారు. ఎంచుకునే దారి ఎవరికుందని మేమడుగుతున్నాం.

మా ఇళ్లలో మాట దక్కనీ. ఉర్దూ మీడియం పుస్తకంలో ఉన్నది వేరే ఉర్దూ. బజార్లో తెలుగు, కన్నడం. కాన్వెంటులో ఇంగ్లీషు. ఆరేళ్ల పిల్ల ఇన్ని గడపలు దాటాలి. తడబడితే 'తురకోళ్లకు చదువబ్బదు, మదర్సాలకు పంపుతారు' అనేస్తారు. బడి ఈడు ముస్లిం పిల్లల్లో మదర్సాకు పోయేది 3 శాతమేనని 2006లోనే సచార్ కమిటీ తేల్చింది. అయినా ఆ నింద పోలేదు.

మాలోని పెద్దలనూ అడగాల్సిందే. జల్సాల్లో ఉర్దూను కాపాడాలంటారు. సొంత పిల్లల్ని కాన్వెంటుకు పంపుతారు. ఉర్దూ బడి మాత్రం జిన్నింగు మిల్లు కూలీ బిడ్డకా?

ఎంపికే మందు అనేవాళ్లు ఒక సంగతి వినాలి. 2008 నుంచి నాలుగేళ్లు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 180 ఊళ్లలో ఒక ప్రయోగం జరిగింది. అందులో సగం ఊళ్లలో లాటరీ తీసి, పేరొచ్చిన సర్కారు బడి పిల్లలకు ప్రైవేటు బడి ఫీజు కట్టారు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2015లో ఫలితాలు అచ్చేశారు. తెలుగులో, లెక్కల్లో లాటరీ తగిలిన పిల్లలకూ తగలని పిల్లలకూ తేడా లేదు. హిందీలో మాత్రం తగిలినవాళ్లు ముందున్నారు. ప్రైవేటు బడి పెట్టే ఖర్చు సర్కారు ఖర్చులో మూడోవంతు కూడా లేదు. తక్కువ ఖర్చుతో అదే చదువు చెప్పామని ఒకరు, మా బడి ఎందులోనూ తీసిపోలేదని మరొకరు చంకలు గుద్దుకోవచ్చు. మేం ఇద్దరినీ ఒప్పుకోం. సర్కారు అంత ఖర్చుపెట్టి, తండ్రి అప్పుచేసి ఫీజు కట్టి, తెలుగూ లెక్కలూ అక్కడే ఉంటే ఎవరు గెలిచినట్టు?

2020లో అమ్మఒడి వచ్చింది. ఏ బడైనా సరే, తల్లి ఖాతాలో 15,000 రూపాయలన్నారు. తర్వాత 75 శాతం హాజరుండాలన్నారు. పత్తికీ మిరపకూ గుంటూరు వైపు సుగ్గికి పోయే కుటుంబం పిల్లను ఎవరి దగ్గర వదిలిపోవాలి? హాజరు ఎక్కడినుంచి తేవాలి?

బడిని తూచే తూకం మార్చాలి. ఏరుకున్న పిల్లలతో ర్యాంకు తేవడం బడి గొప్ప కాదు. చేరిన రోజు పిల్లకు ఏమొచ్చు, వెళ్లే రోజు ఏమొచ్చు? దక్కనీలో జవాబు చెబితే అయ్యవారు విన్నాడా, నవ్వాడా? సుగ్గి నుంచి తిరిగొచ్చిన పిల్లకు తన చోటు దొరికిందా?

గోడమీది పేర్లు చాలా చదివాం. ఇక హాజరుపట్టీలో కొట్టేసిన పేర్లు చదువుదాం.