కట్టుడు పళ్ళ బోధనలో తెలుగు ఉచ్చారణ: ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

పళ్ళన్నీ ఊడిన రోగికి పూర్తి కట్టుడు పళ్ళు అమర్చడాన్ని దంతవైద్య విద్యార్థులకు నేర్పే పాఠంలో ఉచ్చారణ పరీక్ష ఒక భాగం. ఆ పరీక్షకు ఆధారమైన పదాలు ఆంగ్లానివి. తెలుగు మాట్లాడే రోగికి అవి ఎంతవరకు సరిపోతాయో వర్ణోత్పత్తి దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: కట్టుడు పళ్ళు, ఉచ్చారణ, దంత్యాలు, మూర్ధన్యాలు, దంతవైద్య బోధన.

1. ఉపోద్ఘాతం:

1998లో సైబర్ టవర్స్‌తో రూపుదిద్దుకున్న హైటెక్ సిటీ పరిసరాల్లో ఐటీ ఉద్యోగులతో పాటు, పల్లెల నుంచి వచ్చి వారి దగ్గర ఉంటున్న తల్లిదండ్రులూ కనిపిస్తారు. మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ఒక దంతవైద్యశాలకు కొడుకు వెంట వచ్చిన తల్లిని ఊహిద్దాం. వైద్యుడికీ కొడుక్కీ మధ్య సంభాషణ ఆంగ్లంలో సాగుతుంది. కానీ ఆ పళ్ళతో మాట్లాడవలసింది తల్లి, మాట్లాడవలసింది తెలుగు. పళ్ళు నమలడానికి కుదిరి మాటకు కుదరకపోతే, నలుగురిలో నోరు విప్పడానికి ఆమె సంకోచిస్తుంది. చివరకు ఆ పళ్ళు డబ్బాలోనే ఉండిపోవచ్చు.

2. బోధనలో ఉచ్చారణ పరీక్ష:

చిగుళ్ళ అచ్చు తీయడం, దవడల మధ్య ఎత్తును నిర్ణయించడం, మైనంపై పళ్ళను పేర్చి రోగి నోట్లో పెట్టి చూడడం, ఆపైన అక్రిలిక్‌తో తయారుచేయడం అనేవి ఈ చికిత్సలో ప్రధాన దశలు. ఉచ్చారణను మైనపు దశలోనే పరీక్షించాలి. అప్పుడు పంటిని సులువుగా జరపవచ్చు. అక్రిలిక్ గట్టిపడ్డాక మార్పు కష్టం.

సకారం పలికేటప్పుడు పై, కింది పళ్ళు తగలకుండా అత్యంత దగ్గరగా వస్తాయి. ఈ ఎడం ఆధారంగా దవడల ఎత్తును నిర్ణయించే పద్ధతిని మేయర్ సిల్వర్‌మన్ 1953లో వివరించారు. ఎత్తు ఎక్కువైతే మాట్లాడేటప్పుడు పళ్ళు తగిలి టకటకమంటాయి. అలాగే 'ఎఫ్', 'వి' ధ్వనులు పలికేటప్పుడు పై ముందుపళ్ళ అంచు కింది పెదవిని తాకే తీరును బట్టి ఆ పళ్ళ స్థానాన్ని సరిచూస్తారు. ఇందుకోసం రోగిచేత 'మిసిసిపి' అనిపించడం, 'సిక్స్‌టీ సిక్స్', 'ఫిఫ్టీ ఫైవ్' వంటి అంకెలు చెప్పించడం బోధనలో పరిపాటి.

3. అనువాదంలో జారిపోయే ధ్వని:

ఈ అంకెలను తెలుగులోకి మార్చి చెప్పిస్తే పరీక్ష లక్ష్యమే దెబ్బతింటుంది. 'అరవై ఆరు'లో సకారం లేదు. 'యాభై అయిదు'లో పెదవికి పన్ను తాకే ధ్వని లేదు. ఒకటి నుంచి నూరు వరకు తెలుగులో లెక్కించినా సకారం ఒక్కసారీ రాదు. విద్యార్థి అర్థాన్ని అనువదించాడు. అతడికి కావలసింది ధ్వని. ఆంగ్ల పదాలనే చెప్పించినా చిక్కు తీరదు. 'ఎఫ్' ధ్వని దేశ్యపదాల్లో లేదు. ఆంగ్లం అలవాటు లేని వృద్ధులు దాన్ని ఫకారంగానో పకారంగానో, అంటే రెండు పెదవులు కలిపి పలికే అవకాశం ఉంది. అప్పుడు లోపం పంటిదా, పలుకుబడిదా అన్నది తేలదు.

4. తెలుగుకు ప్రత్యేకమైన ధ్వనులు:

చ, జలకు దంత్య, తాలవ్య భేదాన్ని చిన్నయసూరి బాలవ్యాకరణం గుర్తించింది. 'చాప'లోని చకారం దంత్యం, 'చీపురు'లోనిది తాలవ్యం. దంత్య చకారానికి నాలుక కొన ముందుపళ్ళ వెనుక భాగానికి చేరుతుంది. అక్కడ పలక మందమైతే ఆ ధ్వని చెదురుతుంది. మూర్ధన్యాలైన ట, డ, ణ, ళలకు నాలుక కొన వెనక్కి మడిచి అంగిలిని తాకుతుంది. పై పలక కప్పేది ఆ అంగిలినే. 'పళ్ళు' అన్న మాటే మూర్ధన్యంతో కూడినది. ఆంగ్ల పదజాలంతో చేసే పరీక్షలో ఈ రెండింటికీ చోటు లేదు.

5. ప్రతిపాదన:

సకారానికి సీసా, సూది, పసుపు. వకారానికి వాన, అవ్వ. తకార దకారాలకు తాత, దూది. దంత్య, తాలవ్య భేదానికి చాప, చీపురు. మూర్ధన్యాలకు గోడ, వీణ, నీళ్ళు వంటి వాడుక మాటలతో ఒక చిన్న పట్టిక తయారుచేయవచ్చు. పెదవులు తేలికగా కలిసే 'అమ్మ' దవడల విశ్రాంతస్థితిని గమనించడానికి పనికివస్తుంది. ఈ పట్టికను రోగులతో పరీక్షించి స్థిరపరచాలి. మాండలికాన్ని బట్టి పలుకు మారుతుంది కనుక, రోగి సహజ ఉచ్చారణ ఎలా ఉండేదో ముందే అడిగి తెలుసుకోవాలి. కొత్త పళ్ళకు నాలుక అలవాటు పడడానికి కొన్ని వారాలు పట్టవచ్చు. తొలినాటి తడబాటునంతా తయారీలోపంగా లెక్కించకూడదు.

6. ముగింపు:

కంప్యూటర్ సాయంతో నోటి ఆకృతిని కొలిచి కట్టుడు పళ్ళు తయారుచేసే పద్ధతులు వచ్చాయి. అవి చిగుళ్ళ రూపాన్ని కొలుస్తాయి. రోగి పలుకును వినే బాధ్యత మాత్రం వైద్యుడిదే. 1948 నాటి దంతవైద్యుల చట్టం స్థానంలో 2023లో జాతీయ దంతవైద్య కమిషన్ చట్టం వచ్చింది. పాఠ్యప్రణాళికలను పునరాలోచించడానికి ఇది తగిన సమయం. ధ్వనిశాస్త్రం తెలిసిన తెలుగు అధ్యాపకులు, దంతవైద్య అధ్యాపకులు కలిసి చేయవలసిన పని ఇది. దంత్యాలను తరగతిలో నిర్వచించి వదిలేసే మనకు, ఆ శాస్త్రం ఒక వృద్ధురాలి మాటను నిలబెట్టగలదని చూపే అవకాశం ఇక్కడ ఉంది.